పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా నీటి ఫిర్యాదేనట: పైథాన్‌లో తెలుగు మాట వెతకడం ఎలా?

మియాపూర్_మూడో_అంతస్తు
నేను ప్రోగ్రామర్ని కాను, ఖాతాలు రాసుకునేవాణ్ని. మూడు నెలలుగా వీడియోలు చూసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. మా అపార్ట్‌మెంటులో 140 ఫ్లాట్లు. ఫిర్యాదులు, పండగ శుభాకాంక్షలు, పోయిన చెప్పుల ఫొటోలు అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో పడతాయి. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. "ఈ ఏడాది నీళ్ల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఏ బ్లాకు నుంచి ఎక్కువో లెక్క తీసి ఇస్తాను" అని అధ్యక్షుడి ముందు గొప్పకు పోయి ఒప్పుకున్నాను. సందేశాలన్నీ టెక్స్ట్ ఫైలుగా దించాను. తేదీ, పేరు, ఫ్లాటు నంబరు పక్కకు తీసి పెట్టుకున్నాక సుమారు 6,000 వరుసలు మిగిలాయి.

నేను రాసింది ఇంతే: ఒక్కో వరుసలో వెతికే ఆదేశం ఫైండ్‌తో "నీళ్లు" అని వెతకాలి, ఉంటే లెక్కకు ఒకటి కలపాలి. జవాబు 5,900 దాటింది. తీసి చూస్తే "పుట్టినరోజు శుభాకాంక్షలు బాబాయ్ గారూ" కూడా నీటి ఫిర్యాదేనట. పోనీ అసలైనవైనా ఉన్నాయా అంటే, "నీళ్లు రాలేదు" అని మొదలయ్యే సందేశం ఒక్కటీ లేదు. రెండు రాత్రులుగా తలపట్టుకుని కూర్చున్నాను. తప్పు ఎక్కడ?

సున్నా_నుంచి_లెక్క
ఫైండ్ "ఉందా లేదా" చెప్పదు, "ఎక్కడుంది" చెబుతుంది. మాట వరుస మొదట్లోనే ఉంటే 0 ఇస్తుంది, ఎందుకంటే దాని లెక్క సున్నా నుంచి మొదలు. అసలు లేకపోతే -1 ఇస్తుంది. మీరు ఆ జవాబును నేరుగా "ఇఫ్" పక్కన పెట్టి ఉంటారు. పైథాన్ దృష్టిలో 0 అంటే కాదు, మిగతా ఏ అంకె అయినా అవును. -1 కూడా అవునే. అందుకే నీళ్లతో మొదలైనవి జారిపోయాయి, నీళ్ల ఊసే లేనివన్నీ వచ్చి చేరాయి.

చాయ్_విరామం
మొదట్లోనే ఉంటే లేదంటుంది, అసలు లేకపోతే ఉందంటుంది. మా ఆఫీసులో నా సెలవుల లెక్క కూడా ఇలాగే నడుస్తుంది.

అమీర్‌పేట_పాత_విద్యార్థి
ఈ తప్పు చేయకుండా ఎవరూ పైథాన్ నేర్చుకోలేదు. మైత్రీవనం వెనుక సందులో మేము చదువుకున్న గదిలో 60 మంది ఉండేవాళ్లం, మాస్టారు సరిగ్గా ఇదే బోర్డు మీద రాసి జవాబు అడిగితే ఒక్కరమూ చెప్పలేదు. ఆయన చెప్పిందే చెబుతున్నాను. ఉందో లేదో తెలిస్తే చాలనుకుంటే ఫైండ్ జోలికి వెళ్లకండి, "ఇన్" వాడండి. చోటు కావాలి, లేకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగి గోల చేయాలి అనుకుంటే "ఇండెక్స్". అది -1 ఇవ్వదు, వాల్యూ ఎర్రర్ విసురుతుంది.

మియాపూర్_మూడో_అంతస్తు
ఇన్ పెట్టాను. 5,900 కాస్తా 212 అయింది. ప్రాణం లేచి వచ్చింది. అయితే ఇప్పుడు మరీ తక్కువగా ఉంది. ఎండాకాలం మూడు నెలలు మాత్రం చేత్తో లెక్కపెట్టి చూశాను, అవే 200 దాటాయి. అధ్యక్షుడు స్వయంగా పెట్టిన "నీటి ఎద్దడిపై నివాసితులకు విజ్ఞప్తి" కూడా లెక్కలోకి రాలేదు. ఆయన సందేశమే వదిలేశానని తెలిస్తే ఆదివారం నన్ను వదలరు.

వ్యాకరణం_మాస్టారు
ఎలా వస్తుంది నాయనా? నువ్వు నీళ్లు అడిగావు, ఆయన నీటి అన్నారు. నీరు అనే మాటకు విభక్తి తగిలితే నీటికి, నీటిలో, నీటితో అవుతుంది. ఏరు ఏటికి, నోరు నోటికి, గోరు గోటికి, ఇల్లు ఇంటికి. వీటిని ఔపవిభక్తికాలు అంటారు. ఆ పాఠం రోజు బడి ఎగ్గొట్టినవాళ్లకు కంప్యూటరు ఇప్పుడు పరీక్ష పెడుతోంది.

ఇంకొక మాట. నీళ్లు అని రాసేవారు ఉన్నారు, నీళ్ళు అని రాసేవారూ ఉన్నారు. ళ కింద ఒకరు ల ఒత్తు ఇస్తారు, ఇంకొకరు ళ ఒత్తే ఇస్తారు. కళ్లు, పెళ్లి, ముళ్లు అన్నిటికీ ఇదే తగువు. నీ 212లో రెండో రకంవాళ్ల ఫిర్యాదు ఒక్కటీ ఉండదు.

కోఠి_పాతపుస్తకాలు
మాస్టారు సంధి మరిచిపోయారు. "నీళ్లొచ్చాయా", "నీళ్లెప్పుడొస్తాయి", "నీళ్లాగిపోయాయి". చివరి ఉకారం ఎగిరిపోయింది కాబట్టి "నీళ్లు" అని వెతికితే ఇవేవీ చిక్కవు. తలమీద సబ్బు నురగతో సందేశం పెట్టే మనిషి మాటలు విడదీసి రాయడు.

వ్యాకరణం_మాస్టారు
మరిచిపోలేదు. ఉత్వసంధి రేపు చెబుదామనుకున్నాను.

ఒత్తు_పొల్లు
ఒక సులువు ఉంది. కంప్యూటరు లోపల "నీళ్లు" ఇలా ఉంటుంది: న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము. మన కంటికి రెండు అక్షరాలు, దానికి ఆరు సంకేతాలు. ల ఒత్తు అని విడిగా ఏ సంకేతమూ లేదు. పొల్లు తర్వాత ల వస్తే తెరమీద ఒత్తుగా గీస్తుంది, అంతే. కాబట్టి మాటను "నీళ్" దాకా కత్తిరించి వెతకండి. నీళ్లు, నీళ్ళు, నీళ్లకు, నీళ్లొచ్చాయా అన్నీ వలలో పడతాయి. అలాగే "ట్యాంక" అని వెతికితే ట్యాంకు, ట్యాంక్, ట్యాంకర్, ట్యాంకీ నాలుగూ వస్తాయి. క తర్వాత వచ్చే కొమ్మైనా పొల్లైనా గుడైనా విడి సంకేతాలే కదా.

సున్నా_నుంచి_లెక్క
పైగా మనకు పెద్ద బడి, చిన్న బడి గొడవ లేదు. ఇంగ్లీషులో వెతికేవాళ్లు ముందు అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోవాలి. ఆ ఒక్క సుఖం మనకు దక్కింది.

మియాపూర్_మూడో_అంతస్తు
కత్తిరించి పెట్టాను. నీళ్, నీట, నీరు, ట్యాంక, సంపు కోసం "సంప", బోరు కోసం "బోర". లెక్క 1,904. చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

"నీట్ కోచింగ్‌కు మంచి సంస్థ చెప్పండి" వచ్చింది, అందులో నీట ఉందట. "వివరాలకు ఈ నంబరులో సంప్రదించండి" అన్న ప్రతి ప్రకటనా వచ్చింది, సంప ఉందట. నోటీసు బోర్డు అన్న మాట ఉన్నవన్నీ వచ్చాయి. "శనివారం నిశ్చితార్థం, పన్నీరు బుడ్డి ఎవరైనా అరువిస్తారా" అన్నదీ నీటి ఫిర్యాదే. సి బ్లాకులో ఎవరో పెంచుకున్న చిలుక ఎగిరిపోతే "పాపకు కన్నీరు ఆగడం లేదు" అని రాశారు. అదీ లెక్కలో ఉంది.

చాయ్_విరామం
ఆగడం లేదంటే లీకేజీ కిందకే వస్తుంది. ప్లంబర్‌ను పంపండి.

ఒత్తు_పొల్లు
తప్పు నాదే, హెచ్చరించి ఉండాల్సింది. పొల్లు విడి సంకేతం కావడం మనకు ఎంత లాభమో అంత నష్టం. సంప్రదించండి అన్న మాటలో స, సున్న, ప వరసగా ఉన్నాయి, ఆ తర్వాత పొల్లు. యంత్రానికి "సంప" అక్కడ నిజంగానే కనిపిస్తుంది. సరదాగా "గోపాల్" లో "పాల" ఉందా అని పైథాన్‌ను అడగండి. ఉందంటుంది. మన కళ్లకు అక్కడ పాల్ ఉంది, పాల లేదు.

నిజాంపేట_లెక్కలమ్మ
ఆ గోపాల్ నన్ను ఒక నెలంతా ఏడిపించాడు! మా క్యాంటీనుకు పాల ఖర్చు ఎంతో తీయడానికి ఇలాగే రాసుకున్నాను. డ్రైవరు గోపాల్ జీతం అందులో కలిసింది. పాలకమండలి సభ్యుల భోజనాల బిల్లూ కలిసింది. పాలు తాగేవాళ్లు ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని యజమాని అడిగాడు.

కోఠి_పాతపుస్తకాలు
దీనికి ఇంగ్లండులో ఒక అన్న ఉన్నాడు. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ వాళ్ల బూతుమాటల జల్లెడ స్కంథార్ప్ అనే ఊరివాళ్లను ఖాతా తెరవనివ్వలేదు. ఆ ఊరి పేరు స్పెల్లింగులో మధ్యన ఒక బూతు మాట దాగి ఉంది, పాపం ఊరికి తెలియదు. అప్పటి నుంచి ఇలాంటి పొరపాటుకు ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది.

నైట్_షిఫ్ట్
ఇంత తంటా ఎందుకు? మాట నమూనా రాసి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఉండనే ఉంది. మాటకు ముందొకటి, వెనుకొకటి బ్యాక్‌స్లాష్-బి పెట్టండి. అది మాట సరిహద్దు గుర్తు. కన్నీరు మధ్యలోని నీరును ముట్టుకోదు. పదేళ్లుగా రోజూ వాడుతున్నాను.

మియాపూర్_మూడో_అంతస్తు
పెట్టాను. సున్నా. ఒక్క వరుసా రాలేదు.

సున్నా_నుంచి_లెక్క
కొటేషన్ గుర్తుకు ముందు ఆర్ అక్షరం పెట్టారా? పెట్టకపోతే పైథాన్ బ్యాక్‌స్లాష్-బిని బ్యాక్‌స్పేస్ సంకేతంగా చదువుకుంటుంది. మీ సందేశాల్లో ఎవరైనా బ్యాక్‌స్పేస్ రాశారేమోనని శ్రద్ధగా వెతికి ఉంటుంది.

మియాపూర్_మూడో_అంతస్తు
ఆర్ పెట్టాను. ఇప్పుడు ఇంకో వింత. "నీళ్లు రాలేదు" దొరకడం లేదు. ఎవరో ఖాళీ వదలకుండా "నీళ్లురాలేదు" అని కొట్టారు, అది మాత్రం దొరికింది. సరే అని వెనుక గుర్తు తీసేసి, ముందుది మాత్రమే ఉంచి "నీరు" వెతికితే కన్నీరు మళ్లీ హాజరు. మాట సరిహద్దు అంటే ఇదేనా?

చాయ్_విరామం
నైట్ షిఫ్ట్ గారు పదేళ్లుగా ఏ భాష మీద వాడుతున్నారో అడగండి ముందు.

నైట్_షిఫ్ట్
ఇంగ్లీషు లాగులు, అంటే సర్వర్లు రాసుకునే చిట్టాలు. అయితే ఏమిటి? పైథాన్ మూడో వర్షన్‌లో స్ట్రింగులన్నీ, అంటే రాతలన్నీ, యూనికోడే, అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే పద్ధతి. తెలుగుకు పని చేయకపోవడానికి కారణం కనిపించడం లేదు. ఫైలులోనే ఏదో దోషం ఉండి ఉంటుంది.

ఒత్తు_పొల్లు
ఫైలులో దోషం లేదు. కాస్త ఓపికగా చదవండి, ఇది తెలియకే చాలామంది తెలుగు వెతుకులాటను మధ్యలో వదిలేశారు.

బ్యాక్‌స్లాష్-బి సొంతంగా ఏమీ చూడదు. ఒక పక్కన "మాటలో పడే సంకేతం", మరో పక్కన "మాటలో పడనిది" ఉంటే అక్కడ సరిహద్దు ఉందంటుంది. పైథాన్‌తో పాటు వచ్చే ఆర్‌ఈ మాడ్యూలుకు, అంటే ఈ వెతుకులాట చేసే పనిముట్టుకు, మాటలో పడేవి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే. మన గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో లేవు, మార్కుల వర్గంలో ఉన్నాయి. ఆర్‌ఈ లెక్కన అవి కామా, ఫుల్‌స్టాపుల్లాంటివే.

ఇప్పుడు "నీళ్లు రాలేదు" చూడండి. చివర కొమ్ము, దాని పక్కన ఖాళీ. రెండూ మాటలో పడనివే, కాబట్టి సరిహద్దు లేదు, దొరకదు. "నీళ్లురాలేదు" లో కొమ్ము పక్కన ర ఉంది, అది అక్షరం. సరిహద్దు ఉంది, దొరికింది! కన్నీరులో నీకి ముందున్నది పొల్లు. పొల్లు మాటలో పడదు, న పడుతుంది. అక్కడా సరిహద్దే. ఎక్కడ కాపలా కాయాలో అక్కడ తలుపు తీసి, ఎక్కడ తీయాలో అక్కడ గడియ పెట్టింది.

దారులు రెండు. విడిగా దించుకునే "రెజెక్స్" అనే మాడ్యూలు ఉంది, అది మార్కులను మాటలో భాగంగానే చూస్తుంది. లేదా బ్యాక్‌స్లాష్-బి మానేసి కాపలా మీరే రాసుకోండి. తెలుగుకు యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 చోట్లు ఇచ్చారు. నా మాటకు ముందు ఆ 128లో ఏదీ ఉండకూడదు అని షరతు పెడితే సరి. దీన్ని లుక్‌బిహైండ్ అంటారు, రెండు మాడ్యూళ్లలోనూ ఉంది.

నైట్_షిఫ్ట్
ఇప్పుడే నా మిషను మీద వేసి చూశాను. ఒత్తు_పొల్లు చెప్పిందే నిజం. పదేళ్లలో ఒక్కసారీ తెలుగు మీద వాడలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. అయినా ఇది ఆర్‌ఈ తప్పే అంటాను, నా తప్పు కాదు.

జావాస్క్రిప్ట్_బాధితుడు
మీకు తలకిందులుగానైనా దొరుకుతోంది. మా వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌లో ఆ గుర్తుకు తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు, అంతే. యూనికోడ్ జెండా తగిలించినా మారదు. న కూడా దానికి అక్షరం కాదు. రెండు పక్కలా పెడితే ఏ తెలుగు మాటా మామూలుగా దొరకదు. 2018 ప్రమాణంలో లుక్‌బిహైండ్ వచ్చాక మేమూ కాపలా సొంతంగానే కాస్తున్నాము.

అమీర్‌పేట_పాత_విద్యార్థి
ఈ పొల్లుల గొడవ వింటే నా ఇంటర్వ్యూ గుర్తొస్తోంది. స్ట్రింగును తిరగేసి, ముందు నుంచీ వెనుక నుంచీ ఒకటేనా చూడమన్నారు. ఉత్సాహంగా "వికటకవి" ఇచ్చాను. కాదు పొమ్మంది. తెనాలి రామకృష్ణుడి బిరుదుకే దిక్కులేదా అని ఎదురుగా ఉన్నాయనా నేనూ ఇద్దరం ఆశ్చర్యపోయాము. సంకేతాల వరసలో అది వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే గుడి మొదటికొస్తుంది, దానికి ఆనుకోవడానికి అక్షరం ఉండదు. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే కథ.

వ్యాకరణం_మాస్టారు
"కిటికి" ఇచ్చినా ఇదే గతి. అక్షరం అంటే ఏమిటో ముందు దానికి చెప్పాలి.

ఒత్తు_పొల్లు
రెజెక్స్ మాడ్యూలులో బ్యాక్‌స్లాష్-పెద్ద ఎక్స్ ఉంది మాస్టారూ. అది వి, క, ట, క, వి అని విడదీస్తుంది. తిరగేస్తే సరిగ్గా వస్తుంది.

మియాపూర్_మూడో_అంతస్తు
ముందు కాపలా పెట్టాను. కన్నీరు, పన్నీరు పోయాయి. చాలా సంతోషం. వెనుక కూడా పెట్టాలా?

వ్యాకరణం_మాస్టారు
వద్దు. తెలుగులో ప్రత్యయాలు మాట చివర చేరతాయి. నీళ్లకు, నీళ్లలో, నీళ్లేవి. వెనుక తలుపు మూస్తే సొంతవాళ్లే బయట ఉండిపోతారు. ముందు ఒక్కటీ చాలు.

కోఠి_పాతపుస్తకాలు
చాలదు. మంచినీళ్లు, వేడినీళ్లు, మురుగునీరు, వాననీరు సంగతి ఏమిటి? అపార్ట్‌మెంటు ఫిర్యాదుల్లో సగం మురుగునీటి మీదే ఉంటాయి. ముందు కాపలా పెట్టి వాటిని కూడా గెంటేశారు. నన్నడిగితే కాపలా తీసేసి, అక్కర్లేని మాటల జాబితా ఒకటి పెట్టుకోవడం మేలు: కన్నీ, పన్నీ, నీట్, సంప్ర, బోర్డు.

వ్యాకరణం_మాస్టారు
జాబితా ఎప్పటికీ పూర్తికాదు. రేపు ఎవరో మున్నీరు అంటారు.

కోఠి_పాతపుస్తకాలు
మియాపూర్‌లో సముద్రాన్ని మున్నీరు అనే మనిషి ఉంటే నాకు పరిచయం చేయండి, పుస్తకాలు ఊరికే ఇస్తాను.

సున్నా_నుంచి_లెక్క
ఈ విషయంలో నేను కోఠి గారి పక్షం. ఒక్క జాగ్రత్త: జాబితా మాట ఉందని వరుస మొత్తం పారేయకండి. "నీట్ పరీక్ష రాసే పిల్ల ఉంది, పొద్దున నీళ్లు లేకపోతే ఎలా" అన్నది నిజమైన ఫిర్యాదు. ముందు నీట్ అన్న ముక్కను మాత్రం తుడిచేసి, మిగిలిన వరుసలో వెతకండి.

మియాపూర్_మూడో_అంతస్తు
అలాగే చేశాను. ఇప్పుడు 655. కానీ ఒక సందేశం నా కళ్లెదుటే ఉంది, దొరకడం లేదు. కాపీ చేసి పెడుతున్నాను: "ట్యా౦కర్ ఎప్పుడొస్తు౦ది". పైనుంచి కిందికి పదిసార్లు చదివాను, తేడా కనిపించలేదు.

పాత_డీటీపీ_నారాయణగూడ
నాకు కనిపించింది. అది సున్న కాదు బాబూ, సున్నా! పూర్ణానుస్వారం కొట్టాల్సిన చోట తెలుగు అంకె సున్నా కొట్టారు. రెండూ గుండ్రంగానే ఉంటాయి, లోపల సంకేతాలు వేరు. ఒకటి 0సీ02, ఇంకొకటి 0సీ66. పాత కీబోర్డు అలవాటు ఉన్నవాళ్ల రాతలో ఇది విరివిగా ఉంటుంది. ఆ సున్నాను తీసి సున్న పెట్టేయండి. అంతకుముందు ఎవరైనా తెలుగు అంకెలతో ఫోను నంబరు ఇచ్చారేమో చూసుకోండి, లేకపోతే అందులోనూ సున్నలు పడతాయి.

ఇది నయం. మా రోజుల్లో పెళ్లిపత్రికల ఫైళ్లలో ఉన్నది అసలు తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చేవాళ్లం. ఫాంటు మారిస్తే వధువు పేరు డాలరు గుర్తులుగా కనిపించేది. అందులో వెతకాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

జావాస్క్రిప్ట్_బాధితుడు
కనిపించనివి కూడా ఉన్నాయి. "బోర్‌వెల్" అని సరిగ్గా రావాలంటే ర్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ కొట్టాలి. వెడల్పు లేని సంకేతం, 200సీ. కొట్టకపోతే "బోర్వెల్" అవుతుంది. మూడోవాడు ఖాళీ వదిలి "బోర్ వెల్" అంటాడు. చదివే మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. 200సీ, 200డీ రెండిటినీ వెతికే ముందే తీసేయండి. సందేశంలోంచే కాదు, మీరు వెతికే మాటలోంచి కూడా.

పాత_మ్యాక్_కొత్త_తలనొప్పి
నా వంతు. "హైదరాబాద్" అని వెతికితే నా సొంత ఫొటోల జాబితాలో హైదరాబాద్ దొరకలేదు. హై లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా 0సీ48, లేదా ఎత్వం 0సీ46 పక్కన ఐత్వపు తోక 0సీ56. మొదటి పద్ధతిలో హైదరాబాద్ 9 సంకేతాలు, రెండో పద్ధతిలో 10. పాత మ్యాక్ ఫైలు వ్యవస్థ ఫైళ్ల పేర్లను విడదీసి దాచుకునేది. నేను కీబోర్డు మీద కొట్టింది అతికించిన రకం. రెండూ తెరమీద ఒక్కలాగే ఉన్నాయి! పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్‌తో రెండిటినీ ఎన్ఎఫ్‌సీ రూపానికి, అంటే అతికించిన రకానికి, తెచ్చాక కలిశాయి.

చాయ్_విరామం
నాలుగు వందల ఏళ్ల ఊరు, ఇంకా పేరు ఎలా రాయాలో తేలలేదు.

అల్గారిదం_అభిమాని
ఇంతసేపూ చదివాను. ఒక్కరూ వేగం గురించి మాట్లాడలేదు. ఆరు మాటలకు ప్రతి వరుసనూ ఆరుసార్లు చదివించడం అన్యాయం. ఆహో, కొరాసిక్ 1975లోనే దారి చూపారు. మాటలన్నిటినీ ఒక చెట్టుగా అల్లుకుని, వరుసను ఒక్కసారే చదువుతూ అన్నిటినీ పట్టుకోవడం. ఒకే మాటకైతే 1977లో వచ్చిన బోయర్-మూర్ పద్ధతి ఉంది.

సున్నా_నుంచి_లెక్క
6,000 వరుసలకు? నేను గ్లాసు కింద పెట్టేలోపు అయిపోతుంది. పైగా పైథాన్ వాళ్లు పొడవైన వెతుకులాటల కోసం 3.10 నుంచి టూ-వే పద్ధతి లోపలే పెట్టారు.

అల్గారిదం_అభిమాని
అవసరం లేకపోవచ్చు, అందం చూడండి. బోయర్-మూర్ మాటను చివరి నుంచి పోలుస్తుంది. అక్కడ ఎదురైన అక్షరం వెతికే మాటలో ఎక్కడా లేకపోతే, మాట పొడవంతా ఒక్క గెంతు. ఇరానీ హోటల్లో మెనూను కుడి పక్క ధర నుంచి చదివేవాళ్లు ఉంటారే, అలాగ. ధర నచ్చకపోతే ఎడమ పక్కన ఏముందో చూడరు.

నైట్_షిఫ్ట్
ఇది మాత్రం బాగుంది. వేగం అన్నారు కాబట్టి చెబుతున్నాను: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో "ఏదైనా ఎన్నిసార్లయినా" అన్న గుర్తును పక్కపక్కన రెండు మూడు పెట్టకండి. 2019 జూలై 2న చాలా వెబ్‌సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ అలాంటి ఒకే ఒక్క రూలు వల్ల 27 నిమిషాలు పడిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ పోల్చుకోవడంలోనే ప్రాసెసర్లన్నీ మునిగిపోయాయి.

నిజాంపేట_లెక్కలమ్మ
మీరంతా తెలుగు లిపి దగ్గరే ఆగిపోయారు. మా గ్రూపులో సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. నీళ్లు అన్న ఒక్క మాటకు ఇ రెండుసార్లు పెట్టేవారు, ఐ ఒక్కటే పెట్టేవారు, ఎల్ ఒకటి, ఎల్ రెండు. అవి ఎలా పట్టుకుంటారు? ఇంకొకటి, "బోరు ఎండింది" అన్నప్పుడు బోరు ఉంది, సరే. "ఈ రోజు కూడానా?" అని మాత్రమే రాస్తే? చదివినవాళ్లకు తెలుసు అది నీళ్ల గురించే అని.

సున్నా_నుంచి_లెక్క
అది ఏ వెతుకులాటకూ అందదు. మియాపూర్ గారూ, ఒక పని చేయండి. ఎక్కడెక్కడి నుంచో 200 వరుసలు తీసి, ప్రోగ్రాము జవాబు చూడకుండా మీరే చదివి గుర్తు పెట్టుకోండి. తర్వాత పోల్చండి. అది అక్కర్లేనివి ఎన్ని పట్టింది, కావలసినవి ఎన్ని వదిలింది, రెండూ విడివిడిగా రాసుకోండి. సమావేశంలో ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కాగితం చూపించవచ్చు.

మియాపూర్_మూడో_అంతస్తు
ఆదివారం అయిపోయింది, జరిగింది చెబుతాను. ఇంగ్లీషు అక్షరాలవాళ్ల కోసం ఇ, ఐ, ఎల్ రకాలన్నీ కలిపి ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాశాను. సున్న, సున్నా సరిచేశాను. కనిపించని సంకేతాలు ఊడ్చేశాను. చివరి లెక్క 871. చేత్తో చదివిన 200లో 31 నీటి ఫిర్యాదులు, ప్రోగ్రాము వాటిలో 27 పట్టింది, ఇంకో 2 అనవసరంగా పట్టింది. ఆ వదిలిన 4లో మూడు "ఈ రోజు కూడానా" రకమే. లెక్కలమ్మ గారికి దండం.

అధ్యక్షుడు కాగితం చూసి, "బి బ్లాకు నుంచే ఇన్ని ఎందుకు?" అన్నారు. బ్లాకులోంచి ఫ్లాటువారీగా తీయమన్నారు. అక్కడే, అందరి ముందూ తీశాను. 74 ఫిర్యాదులతో మొదటి స్థానం నాదే.

చాయ్_విరామం
దొంగను పట్టించే ప్రోగ్రామును దొంగ చేతే రాయించారు.

వ్యాకరణం_మాస్టారు
నీటి ఎద్దడి సంగతి ఏమైంది నాయనా?

మియాపూర్_మూడో_అంతస్తు
రెండో సంపు తవ్వడానికి తీర్మానం అయింది. ఇప్పుడు కరెంటు ఫిర్యాదుల లెక్క కూడా కావాలట. "కరెంట" అని కత్తిరించి వెతుకుదామనుకుంటున్నాను.

ఒత్తు_పొల్లు
కరెంట్ అఫైర్స్ తరగతుల ప్రకటనలు చూసుకోండి.

మియాపూర్_మూడో_అంతస్తు
చూశాను. తొమ్మిది ఉన్నాయి.